ఒక గుట్ట బాకీ

ఊపిరి ముందు లోపలికి పోతుందా, ముందు బయటికి వస్తుందా? లింగధారణ అయిన నాడు పుట్టిన ఈ సందేహం బస్వరాజ్‌ను ఇన్నేళ్లయినా విడిచిపోలేదు. అరచేతిలో లింగం పెట్టి, చూపు దీని మీద ఉంచు, మనసు ఊపిరి మీద ఉంచు అని మఠం అయ్యగారు చెప్పినప్పుడు, ఆ వయసులో ఆగలేక అడిగేశాడు. అయ్యా, రెండిట్లో ముందు ఏది? అయ్యగారు నవ్వి, నొసట విభూతి పెట్టి, వరుసలో తర్వాతి వాణ్ణి పిలిచారు. అది జవాబో, జవాబు దాటవేయడమో కూడా తెలియలేదు. రోజూ పొద్దున స్నానం చేసి, మెడలోని వెండి కరడిగె భరిణె తెరిచి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకొని కూర్చున్నప్పుడల్లా ఆ సందేహం వచ్చి పక్కన కూర్చుంటుంది, పిలవని చుట్టం లాగా. ఇవాళ మాత్రం పూజ దగ్గర కాదు, జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు మీది దాబాలో, నులక మంచం అంచున, పట్టపగలు, డీజిలు వాసనలో వచ్చి కూర్చుంది. ఎందుకంటే ఎదురుగా గోనెపట్టా మీద రెండు టర్బోలున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాటి పనే ఊపిరి.

గుల్లలోకి ముడుచుకున్న నత్తల్లాగా ఉన్నాయి. ఇనుప నత్తలు. పెద్దది బొంబాయి రేవులో మన్ను తవ్వే యంత్రం నుంచి ఊడదీసిందట, గుమ్మడికాయంత ఉంది. చిన్నది జపాను వ్యానుది, పీచు తీయని కొబ్బరికాయంత, ఒంటి చేత్తో ఎత్తొచ్చు. ఒక్కోదానికి రెండు కడుపులు, రెండింటి నడుమ ఒకే ఇరుసు, ఇరుసుకు ఈ కొనన ఒక పంఖా, ఆ కొనన ఒక పంఖా. ఇంజను వదిలిన పొగ ఒక కడుపులోకి పోయి అక్కడి పంఖాను తిప్పుతుంది. అది తిరిగితే అదే ఇరుసు మీది రెండోది తిరుగుతుంది, తిరిగి బయటి గాలిని గుంజి ఇంజను గొంతులోకి కొడుతుంది. అంతే సంగతి. ఇంత చిన్న సంగతికి బస్వరాజ్ గుండె పెండ్లినాటి రాత్రి కొట్టుకున్నట్టు ఎందుకు కొట్టుకుంటున్నదో ఎవరికి చెప్పినా నవ్వుతారు. చాయ్ తెచ్చి పెట్టారు, మీగడ కట్టింది, తాగలేదు. మీద వాలిన ఈగను తోలాలని కూడా తోచలేదు. వీటిని బొంబాయి నుంచి మోసుకొచ్చిన లారీ డ్రైవరు మహాదేవప్ప పక్క మంచం మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. బసవకల్యాణం మనిషి, కన్నడమూ తెలుగూ ఒకే ముద్ద చేసి మాట్లాడతాడు. పడుకునే ముందు చెప్పాడు: "బస్వరాజప్పా, నాకు ఒక గంట కునుకు. లేస్తే లారీ తీస్త. అంతల ఒకటి ఏరుకో. రెండోది పట్నంల ఒక సేటుకు పోతది. ఆయనకు ఏదైనా నడుస్తది. నీకు ఏది నడుస్తదో నీ కారుకే ఎరుక." అని తువాలు మొహం మీద కప్పుకున్నాడు. తువాలు లేస్తున్నది, పడుతున్నది. లేస్తున్నది, పడుతున్నది. ముందు లేచిందా, పడిందా? చూస్తూనే ఉన్నాడు గాని, మొదటిది పట్టుకోలేకపోయాడు. ఎప్పుడూ అంతే, ఎవరి ఊపిరైనా మనం చూసేసరికి అది ఎప్పుడో మొదలై ఉంటుంది.

ఒక గంట. ఇట్లాంటి సామాను మళ్లీ ఈ రోడ్డు మీద దిగాలంటే ఎన్ని నెలలు పడుతుందో. తప్పు ఏరుకుంటే తప్పుతోనే బతకాలి, పెండ్లి లాగా. కారు వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. తెల్ల అంబాసిడరు, బానెటు తెరుచుకొని, దవాఖానలో నోరు తెరిచిన రోగిలాగా. పుట్టుకతో దానిది పెట్రోలు ఇంజను. ఆ ఆకలికి తట్టుకోలేక, దోస్తు నర్సప్ప చేత దాన్ని తీయించి మెటడోర్ వ్యాను డీజిలు ఇంజను పెట్టించాడు. నర్సప్ప ఇంజను పట్టీలను తానే కాల్చి, వంచి, అతికించి, ఆ ఇంజనును ఆ కడుపులో ఎట్ల కూర్చోబెట్టాడో చూడటానికి బీదరు నుంచి కూడా మేస్త్రీలు వచ్చారు. ఆ నాటినుంచి కారుకు ఆకలి తగ్గింది, ఆయాసం పెరిగింది. సాపు రోడ్డు మీద ఏనుగు లాగా పోతుంది. ముందు ముగ్గురు, వెనుక ఐదుగురు, డిక్కీ తలుపు ఎత్తి కట్టి అందులో కాళ్లు బయటికేసి ఇద్దరు, పైన గంపలు, మూటలు, ఒక్కోసారి మేకపిల్ల. పోతుంది. కోహీర్ దాటి ఎర్రగుట్ట కిందికి రాగానే మాత్రం మొదటి గేరులో కూడా గుర్రు గుర్రుమని, నల్లటి పొగ కక్కి, వణికి, చచ్చిపోతుంది.

అందుకే గుట్ట కింద దిగడం ఆ దారిలో ఆచారమైపోయింది. ఎవరూ చెప్పనక్కర్లేదు. చింతమొద్దు దాటగానే వెనుక తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. మగవాళ్లు పంచెలు ఎగగట్టి దిగుతారు, ఆడవాళ్లు మూటలు నెత్తికెత్తుకుంటారు, మేకపిల్ల కూడా దూకుతుంది. కారు ఒంటరిగా ఏడ్చుకుంటూ పైకి పోయి నిలబడితే, వెనుక జనం ఊరేగింపులాగా ఎక్కి వస్తారు. ఒకసారి కొత్త పెండ్లికూతురు దిగవలసి వచ్చింది, పారాణి కాళ్లతో, ఆ ఎర్రమట్టిలో. ఆమె అత్త బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది: "మా ఊరికి ఏ కోడలైనా నడిచే వస్తది బిడ్డా, కారు తెచ్చినా సరే." అందరూ నవ్వారు. బస్వరాజూ నవ్వాడు. ఆ నవ్వు గొంతులో ముల్లులాగా ఎన్నాళ్లు ఉందో. కిరాయి తీసుకున్నది ఊరిదాకా, మోసింది గుట్టదాకా. లింగాన్ని అరచేతిలో పెట్టుకొని ఇది తప్పా అప్పా అని అడిగేవాడు. లింగం ఏమంటుంది, నల్లగా చల్లగా ఉంటుంది. బలం లేనివాడు మొయ్యలేకపోతే తప్పెట్లైతది అని తనే చెప్పుకునేవాడు. అయితే మొయ్యలేనోడు ఎక్కించుకునుడు ఎందుకు అని మళ్లీ తనే అడిగేవాడు.

నీలమ్మ అట్లా అడగలేదు. నీలమ్మ నవ్వుతూ అడిగింది, అందుకే మరీ మరిచిపోలేకపోతున్నాడు. గుట్టమీది ఊరిలో ఇంత అల్లం మడి ఉన్న ముసలావిడ. మంగళవారం అల్లం గంప కారు పైన కట్టించి అంగడికి వచ్చేది, సాయంత్రం ఖాళీ గంప ఒళ్లో పెట్టుకొని తిరిగి పోయేది. ఎప్పుడూ బుగ్గన అల్లం ముక్క. ఉబ్బసం ఉంది ఆమెకు. గుట్ట సగంలో ఒక బండరాయి ఉంది, దాని మీద కూర్చొని, గంప పక్కన పెట్టి, చేపలాగా నోరు తెరిచి గాలి తాగేది. పైన కారు ఇంజను బంద్ చేయకుండా ఆమె కోసం ఆగేది. అవ్వా, నువ్వు దిగకు, మిగిలినోళ్లు దిగితే చాలు, నీ ఒక్కదాన్ని గుంజుతది అని ఎన్నిసార్లు చెప్పాడు! ఆమె ఒప్పుకోలేదు. "ఊరంత నడుస్తుంటే నేనొక్కదాన్ని దొరసాని లెక్క కూసోవాల్నా? గర్భిణి నడవవట్టె, నేను కూసుంటనా? సిగ్గు గాదా?" అనేది. చివరిసారి వచ్చిన నాడు ఆ రాయి మీద చాలాసేపు కూర్చుంది. అతనే కిందికి దిగి పోయాడు. ఆమె పెదవులు నేరేడుపండ్ల రంగు అయ్యాయి. అయినా మాట మాత్రం మెత్తబడలేదు. "బస్వన్నా, ఊరిదాక అని ఎక్కిచ్చుకుంటివి. నువ్వు నాకు ఒక గుట్ట బాకీ ఉన్నవు." "ఇస్త అవ్వా." "ఉత్తబండిల గాదు. నిండుబండిల ఇయ్యాలె. ఒక్కలు దిగకుండ." అని కాళ్ల దగ్గరి మట్టిలోంచి ఏదో ఏరి, కొంగున వేసి ముడి వేసుకుంది. "ఇగో, ముడి ఏసుకున్న. నువ్వు గుట్ట ఇచ్చిననాడే ఇప్పుత." ఆ తర్వాత ఆమె కిందికి రాలేదు. అల్లం ఎవరో తెస్తున్నారు. కబురు మాత్రం వారం వారం దిగుతుంది. బస్వన్న నా గుట్ట ఇస్తడా, ఎగబెడ్తడా అడుగుమన్నది అని. డిక్కీలో కూర్చునే వాళ్లు కూడా అది చెప్పి నవ్వుతారు.

ఇస్త, ఇస్త. దేంతో ఇవ్వాలి? మొదటిసారి ప్రయత్నించింది బెల్లం గానుగ దగ్గరి గాలిపంఖాతో. చెరకు రసం పొయ్యి కింద మంట రగలడానికి పెట్టే పంఖా అది. నర్సప్ప దాన్ని ఇంజను పక్కన బిగించి, ఫ్యానుబెల్టుతో తిప్పి, దాని మూతి ఇంజను గొంతుకు కట్టాడు. పొయ్యి మండితే ఇంజను మండదా అన్నాడు. చప్పుడు మాత్రం విమానం లేచినట్టే లేచింది. కారు మామూలుగా ఆగే చోటు కంటే చాలా కిందనే ఆగిపోయింది. ఆ పంఖా తిరగడానికే ఇంజను బలమంతా పోతున్నది మరి. తన తొడ కోసుకొని తనే తిన్నట్టు. బెల్టు కాలిన వాసనలో ఇద్దరూ గుట్ట కింద కూర్చొని కడుపు పట్టుకొని నవ్వారు. నవ్వి నవ్వి నర్సప్ప అన్నాడు, "ఇగ దేవుడే ఊదాలెర బస్వా." ఆ తర్వాత ఒకనాడు, రోడ్డు వెడల్పు చేసే పెద్ద యంత్రం ఒకటి కోహీర్ అడ్డరోడ్డు దగ్గర చెడిపోయి నిలబడితే, దాని మేస్త్రీ పక్కన చేరి మొదటిసారి టర్బోను చూశాడు. ఇది దేంతో తిరుగుతది, బెల్టేది అని అడిగాడు. బెల్టు లేదు, వదిలిన పొగతోనే అన్నాడు ఆ మేస్త్రీ. వదిలిన పొగతోనా!  పారేసేదానితో. పనికిరాదని వెనుకకు, రోడ్డు మీదికి, జనం ముక్కుల్లోకి వదిలేసేదానితో. బయటికి పోయే ఊపిరే లోపలికి వచ్చే ఊపిరిని గుంజుకొస్తుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని కలిపిన ముద్ద అట్లానే పట్టుకొని ఉంటే, భార్య బాలమణి చెయ్యి తట్టింది, ఎక్కడున్నవు అని. అయ్యగారు ఎందుకు నవ్వారో తెలిసినట్టుంది అన్నాడు. తెలియలేదు నిజానికి. తెలిసినట్టు ఉంది, అంతే.

ఇప్పుడు ఆ రెండూ ఎదురుగా ఉన్నాయి, తెలిసినట్టు ఉండటం చాలదు.  వెంట వచ్చిన నర్సప్ప గోనెపట్టా పక్కన గొంతుకూర్చొని, కారు సైలెన్సరు పైపుకు పుల్ల అడ్డంపెట్టి కొలిచి, అదే పుల్లను పెద్దదాని మూతికి పెట్టి చూసి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"బస్వా! చూడు, కొలిచి చేసినట్టున్నది. పైపు మూతికి దీని మూతి సరిగ్గ సరిపాయె. దేవుడే కొలిచి పంపిండు. చిన్నదానికైతే మల్ల గొట్టం కొయ్యాలె, అతుకెయ్యాలె, రెండు నాళ్లు నా పానం తియ్యాలె."

"పైపు కొలత చూసి టర్బోను ఏరుకుంటర? గడప ఎత్తు కొలిచి కోడల్ని తెచ్చుకున్నట్టు ఉంటది."

"మా ఇంట్ల గట్లనే తెచ్చిన్రు. మంచిగనే ఉన్నది."

"అందుకే నువ్వు పొద్దుగూకినా దాబాలనే ఉంటవు."

నర్సప్ప పుల్లతో కొట్టబోయాడు. మహాదేవప్ప తువాలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ లేచింది. ఇద్దరూ గొంతు తగ్గించారు. నర్సప్ప గుసగుసగా మొదలుపెట్టాడు. ఇగో, ఈ పెద్దది పెట్టినమనుకో, పట్నం రోడ్డు మీద బస్సులు ఎనకపడ్తయి, లారీలు ఎనకపడ్తయి, మన తెల్ల అంబాసిడరు గద్ద లెక్క పోతది, జీపులోళ్లు నోళ్లు తెరుస్తరు. బస్వరాజ్‌కు అది కళ్లకు కట్టింది. కంకోల్ దాటాక సాపు రోడ్డు, రెండు వైపులా చెరకు, కిటికీలో గాలి, వెనక్కి పోతున్న ఎర్రబస్సు, అందులోంచి తొంగిచూసే తలలు. ఎవరిదిరా ఆ కారు? జహీరాబాద్ బస్వరాజ్‌ది. ఛాతీ ఉబ్బింది. ఉబ్బగానే బాలమణి నవ్వు వినిపించింది, ఇక్కడ లేని బాలమణి, ఎన్నో ఏండ్ల కిందటి బాలమణి.

పెండ్లైన కొత్తలో, అత్తగారి ఊరిలో వీరభద్రుని పల్లకి. శంఖం ఊదే జంగమయ్యకు చలిజ్వరం. ఎవరూదుతరు అని అడిగితే, కొత్త అల్లుడు లేచి నిలబడ్డాడు. నేనూదుత. మఠంలో రెండు శంఖాలున్నాయి, చిన్నదొకటి, రెండు చేతులా పట్టుకోవలసిన పెద్దదొకటి. కొత్త అల్లుడు చిన్నది ఊదుతాడా? కిటికీ వెనుక బాలమణి, ఆమె చుట్టూ వదినలు, మరదళ్లు. పెద్దది ఎత్తుకున్నాడు. పల్లకి మలుపు తిరిగింది, డప్పులు ఆగాయి, అందరూ అతని వైపు చూశారు. ఊదాడు. ఫుస్. ఇంకా ఊదాడు. ఫుస్. కడుపులోని గాలంతా పోసినా దాని కడుపు నిండలేదు. కండ్లు ఎర్రబడ్డాయి, బుగ్గలు బూరెలయ్యాయి, పల్లకి ఎదుటి నుంచి సాగి, గుడి గడప దాటి, లోపలికి పోయి, దేవుడు పీట మీద కూర్చున్నాక, అప్పుడు, ఎవరికీ అవసరం లేని వేళ, శంఖం భోరుమని మోగింది, ఊరంతా ఉలిక్కిపడేటట్టు. కుక్కలు అందుకున్నాయి. చప్పుడు గొప్పదే. వేళే దాటిపోయింది. ఆ రాత్రి నుంచి బాలమణికి కోపం వచ్చినా ముద్దు వచ్చినా ఒకటే పిలుపు, పెద్దశంఖం. ఇవాళ పొద్దున బయలుదేరుతుంటే కూడా, గడప దగ్గర నిలబడి అన్నది, "టర్బో అంటివి, గిర్బో అంటివి, తెచ్చుకో. పెద్దశంఖం మాత్రం తెచ్చుకోకు." అప్పుడు నవ్వి వచ్చాడు. ఇప్పుడు వెన్ను నిటారుగా అయింది.

చిన్నదాన్ని ఎత్తి, పొగ పోయే మూతికి నోరు ఆనించి ఊదాడు. లోపల పంఖా జర్రున తిరిగింది, ఇనుముకు ఇంత మెత్తటి చప్పుడుంటుందా అనిపించేటట్టు. పెద్దదానికి ఊదాడు. కదలలేదు. మళ్లీ ఊదాడు. కదిలీ కదలనట్టు ఒక వేలెడు జరిగి ఆగింది. నర్సప్ప మూతి విరిచాడు. "నీ నోరు ఇంజనా బస్వా? ఇంజను ఊదితే చూడు." నిజమే. నోరు ఇంజను కాదు. ఇంజను ఊదితే చూడాలి. ఇంజను ఊదితే చూడాలి! బస్వరాజ్ లేచి నిలబడ్డాడు. ఇంజను అక్కడే ఉంది కదా, వేపచెట్టు కింద, సురువు చేస్తే సైలెన్సరులోంచి ఊపిరి వదిలేది. బిగించకుండా, కొనకుండా, ఇక్కడే, ఈ గంటలోనే. ఎందుకు తట్టలేదు ఇంతసేపు? "నర్సప్పా, బండి సురువు చెయ్యి!" కారు వణికి మేలుకుంది. డిక్కీలోని పాత గోనెసంచిని నీళ్లతో తడిపి చేతులకు చుట్టుకున్నాడు. ఇరుసు ఎండిపోకుండా నూనె రంధ్రంలో ఇంత ఇంజనాయిలు పోశాడు. మోకాళ్ల మీద కూర్చొని, చిన్నదాని మూతిని సైలెన్సరు మూతికి అదిమాడు. వేడి. పొగ. కండ్లలో నీళ్లు. "గుట్ట మీద ఎట్ల నడుస్తదో గట్ల ఉంచు, మెల్లగ, మెల్లగ!" అని అరిచాడు. అనేలోపలే చేతిలో ఏదో ప్రాణం లేచింది. సన్నటి ఈల, దూరంగా ఎవరో వేణువు సరిచేసుకుంటున్నట్టు. అవతలి కడుపు మూతి నుంచి చల్లటి గాలి వచ్చి మొహం మీద కొట్టింది. పొగ ఇటు, గాలి అటు. బయటికి ఇటు, లోపలికి అటు. తువాలు లేవడం, పడటం. లింగాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు. నవ్వొస్తున్నది, దగ్గొస్తున్నది, ఏదీ ఆపుకోలేకపోయాడు.

తర్వాత పెద్దది. మోకాలి మీద ఆనించి అదిమాడు. ఇంజను మెల్లగానే నడుస్తున్నది. ఏమీ లేదు. బండరాయిని పట్టుకున్నట్టుంది. పొగ అంత పెద్ద కడుపులోకి పోయి, దారి తెలియని చుట్టంలాగా అటూ ఇటూ తిరిగి, బలం లేకుండా బయటికి వచ్చేస్తున్నది. "తొక్కు!" అన్నాడు. నర్సప్ప తొక్కాడు. ఇంకా తొక్కాడు. కారు మొత్తం ఊగింది, అప్పుడు లేచింది పెద్దది. అమ్మో! పిడుగులాగా అరిచింది, గాలి అంగీ లోపలికి పోయి వీపు దాకా ఉబ్బించింది, దాబా వంటాయన గరిటె పట్టుకొని బయటికి ఉరికొచ్చాడు. ఎంత బలం! ఎంత బలం! ఆ క్షణంలో అన్నీ మరిచిపోయి అదే కావాలనుకున్నాడు. నర్సప్ప కిటికీలోంచి తల బయటపెట్టి, ఎట్లున్నది అని కండ్లతోనే అడిగాడు, పెండ్లిచూపుల్లో పిల్ల తండ్రిలాగా. కాలు తీయగానే పెద్దది మూలిగి ఆగిపోయింది. ఆ ఆగిపోవడంలో బస్వరాజ్‌కు గుట్ట కనిపించింది. గుట్ట మీద ఇంజను పరుగెత్తదు. గుట్ట మీద ఇంజను పాకుతుంది, మొదటి గేరులో, రొప్పుతూ. ఆ రొప్పే ఊపిరికి పెద్దది కదలదు. అది కదలాలంటే ఇంజను ముందే పరుగెత్తాలి, ముందే పరుగెత్తగలిగితే టర్బో ఎందుకు? దానికి ఊపిరి నిండేసరికి కారు చచ్చి ఉంటుంది, జనం దిగి ఉంటారు, నీలమ్మ రాయి మీద కూర్చొని ఉంటుంది. పల్లకి లోపలికి పోయి ఉంటుంది.

అయితే చిన్నదానికి లోపం లేదా? ఉంది. దాచుకోవడమెందుకు. సాపు రోడ్డు మీద గట్టిగా తొక్కితే వదిలే పొగకు ఈ చిన్న కడుపు చాలదు, పొగ గొంతులోనే ఇరుక్కుంటుంది, ఇంజను వేడెక్కుతుంది. బస్సులను దాటడం ఉండదు. గద్దా ఉండదు. చెరకు తోటల నడుమ వెనక్కి పోయే ఎర్రబస్సుకు మనసులోనే చెయ్యి ఊపాడు. కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు. "ఎప్పటికీ నలభై దాటవు నువ్వు," అన్నాడు నర్సప్ప, ఇంజను బంద్ చేసి వచ్చి. "నేను నలభై దాటితే నా సవారీలు దేవుణ్ణి తలుస్తరు. గుట్ట కింద ఆగితే నన్ను తలుస్తరు. ఏమని తలుస్తరో నీకెరుకే." నర్సప్ప కాసేపు పెద్దదాన్ని చేత్తో నిమిరాడు, అంగడిలో అమ్మిన ఎద్దును నిమిరినట్టు. "గొట్టం కొయ్యాలె, అతుకెయ్యాలె," అని గొణిగాడు. గొణుగుతూనే చిన్నదాన్ని తన తువాలులో చుట్టాడు. బస్వరాజ్ చేతులకు చుట్టుకున్న తడి గోనె విప్పాడు. తిరగడం మొదలయ్యాక ఊపిరి ఊపిరిని గుంజుకుంటుంది, సరే. మరి మొదటిది? సురువు చేసిన క్షణంలో టర్బో లేదు, ఈల లేదు, సాయం లేదు. ఆ మొదటి గుక్క ఇంజను తనంతట తానే లోపలికి తీసుకోవాలి. అంటే ముందు తీసుకోవడమే. పుట్టిన ప్రతిదీ ముందు తీసుకొనే మొదలవుతుందా? అయ్యగారు ఉంటే అడిగేవాడు. ఉన్నా నవ్వేవారేమో. పక్క మంచం మీద తువాలు జారింది. ఇంజను చప్పుళ్లకు అలవాటైన మహాదేవప్ప అప్పటికి లేచి కూర్చొని, కండ్లు నులుముకొని, పట్టా వైపు చూశాడు. పెద్దది ఒక్కటే మిగిలి ఉంది. "చిన్నది తీసుకున్నవా? అందరు పెద్దదే అడుగుతరు గదప్పా." "నేను గూడ అడిగిన. మా ఆమె వద్దన్నది." మహాదేవప్ప పడీ పడీ నవ్వి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు.

హోలీ దాటాక వచ్చిన మంగళవారం, అంగడి నుంచి తిరిగి పోయే వేళ, కారు నిండింది. ముందు నీలమ్మ. కబురు పంపితే వచ్చింది, గుట్ట దిగడం కష్టం కాదు గదా అంటూ. బక్కచిక్కింది. బుగ్గన అల్లం ముక్క అట్లానే ఉంది. వెనుక బసమ్మ, ఆమె ఒళ్లో మనుమడు, మిగిలినవాళ్లు. డిక్కీలో ఇద్దరికి తోడు నర్సప్ప, తను వేసిన అతుకు ఊడితే తనే పట్టుకుంటాడట. చింతమొద్దు దాటింది. వెనుక తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. "దిగకున్రి!" అన్నాడు బస్వరాజ్. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. తలుపులు మూసుకున్నాయి, నమ్మకం లేని చప్పుడుతో. మెడలోని కరడిగెను ఒకసారి తాకి మొదటి గేరు వేశాడు. గుర్రుమంది. వణికింది. ఎర్రమట్టి చక్రాల కింద నలిగింది. ఇక్కడే, ఎప్పుడూ చచ్చేది ఇక్కడే. అప్పుడు వినిపించింది, కాళ్ల ముందు ఎక్కడో, సన్నటి ఈల. కారు రొప్పు ఆగి, వెనుక నుంచి ఎవరో అరచెయ్యి పెట్టి నెట్టినట్టు, నడవడం మొదలుపెట్టింది.  బసమ్మ మనుమడు, "అవ్వా, కారు ఈలేస్తుంది" అన్నాడు. సగం గుట్ట. బండరాయి పక్కనుంచి పోతుంటే నీలమ్మ కిటికీలోంచి దాన్ని చూసింది, తనకు పీట వేసిన ఇంటిని చూసినట్టు, తల కొంచెం వంచి. రాయి వెనుకబడింది. ఈల పెరిగింది. ఆకాశం అద్దం నిండా వచ్చింది, తర్వాత అద్దంలో ఊరు వచ్చింది. గుట్ట పైన, తను ఇన్నేళ్లు ఆమె కోసం ఆగిన చోటనే, అలవాటుగా కారు ఆపాడు. ఇంజను బంద్ చేయలేదు. డిక్కీలో నర్సప్ప ఏదో కేక పెడుతున్నాడు, బసమ్మ వెనుక నుంచి అతని భుజం మీద దబదబా కొడుతున్నది.

నీలమ్మ ఎవరినీ పట్టించుకోకుండా కొంగు ముడి విప్పుతున్నది. ముడి రాలేదు. పండ్లతో పట్టి లాగింది. "చీరలు మారినయి బస్వన్నా, ముడి మారలే. చీర చీరకు ఏసుకుంటనే ఉన్న," అన్నది. ముడి వదిలింది. అందులోంచి ఎర్రటి గులకరాయి తీసింది, నాడు ఆ బండ దగ్గర ఏరుకున్నది, చింతగింజంత. స్టీరింగు మీద నుంచి అతని ఎడమ చెయ్యి లాగి, అరచేతిలో ఆ రాయి పెట్టి, వేళ్లు ముడిచింది.

"ఇగో, నీ గుట్ట."